ప్రకటనలో బాత్‌రూం తలుపు వెడల్పు కూడా వేయించండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికకు ఉత్తరం రాయడం నాకిది రెండోసారి. మొదటిసారి 1996లో మా వీధి నీళ్ల ఇబ్బంది గురించి రాస్తే మూడు లైన్లు వేశారు, సంతోషం. ఈసారి సంగతి కొంచెం పెద్దది. కత్తిరించక తప్పకపోతే మాటలు కత్తిరించండి, కొలతలు మాత్రం వదిలేయకండి. ముప్పై నాలుగేళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా బతికినవాణ్ని. కొలతలు తీసేస్తే నేను చెప్పేదాంట్లో ఏమీ మిగలదు.

మీ ఆదివారం రియల్ ఎస్టేట్ పేజీలు నేను వదలకుండా చూస్తాను. పాత అలవాటు. ఎన్ని అంతస్తులు, కార్పెట్ ఏరియా ఎంత, క్లబ్‌హౌస్, ఈతకొలను, పిల్లల పార్కు, అన్నీ ఉంటాయి. బాత్‌రూం తలుపు ఎంత వెడల్పో ఒక్క ప్రకటనలో కూడా కనపడదు. 2023 దాకా నేనూ వెతకలేదు లెండి.

మా అబ్బాయి ఊరి చివర ఒక పెద్ద టవర్లో ఫ్లాట్ కొన్నాడు. పద్దెనిమిదో అంతస్తు, మూడు బెడ్‌రూములు. 2022లో హైదరాబాద్ కేపీహెచ్‌బీ కాలనీలో మా ఇల్లు అద్దెకిచ్చి, కింది వాటా మాత్రం తాళం వేసుకుని మేమిద్దరం వాడి దగ్గరికి వెళ్లాం. లిఫ్టులున్నాయి, కరెంటు పోదు, కింద నడవడానికి చెట్ల మధ్య దారి ఉంది. మా ఆవిడ అక్కడ చాలా సుఖపడింది, అబద్ధమెందుకు చెప్పాలి. 2023 నవంబరులో ఆమెకు పక్షవాతం వచ్చింది. ఆస్పత్రి నుంచి చక్రాల కుర్చీలో తీసుకొచ్చాం. కారు దిగింది మొదలు లిఫ్టు, వరండా, హాలు, పడక గది దాకా ఎక్కడా తట్టుకోకుండా వచ్చేసింది. బాత్‌రూం దగ్గర ఆగిపోయింది.

కుర్చీ వెడల్పు చేత్తో తిప్పే రింగులతో కలిపి 25 అంగుళాలన్నర. తలుపు పూర్తిగా తీశాక ఫ్రేముకు, తలుపు చెక్కకు మధ్య మిగిలిన జాగా 25 అంగుళాలు. నాలుగు చోట్ల టేపు పెట్టి చూశాను. అర అంగుళం తేడా.

తలుపు వెడల్పు చేయిద్దామని మెయింటెనెన్స్ ఇంజనీరును పిలిచాను. చిన్న కుర్రాడు, మర్యాదగానే చెప్పాడు. "సార్, ఇది మైవాన్ గోడ. మేకు కొట్టాలన్నా డ్రిల్లు కావాలి. కొయ్యడానికి పర్మిషన్ లేదు" అన్నాడు. అతను చెప్పింది నిజమే. అల్యూమినియం అచ్చులు నిలబెట్టి, లోపల ఇనుము కట్టి, గోడలూ స్లాబూ కలిపి ఒకేసారి కాంక్రీటు పోసే పద్ధతి అది. గోడే పిల్లరు, గోడే బీము. పైనున్న అంతస్తుల బరువు ఆ గోడల మీదే ఉంటుంది. పద్దెనిమిదో అంతస్తులో నేను నా ఇష్టమొచ్చినట్టు గోడ కోస్తే అది నా ఒక్కడి గొడవ కాదు. అతని స్థానంలో నేనున్నా ఒప్పుకోను.

తలుపు చెక్క తీసేసి తెర కట్టాం. ఇంకో అంగుళం పైగా కలిసొచ్చింది, కుర్చీ పట్టింది. కానీ అరవై నాలుగేళ్ల మనిషికి, కొడుకూ కోడలూ మనవడూ తిరిగే ఇంట్లో, బాత్‌రూంకి తెర. ఆమె నోరు తెరిచి ఏమీ అనలేదు. మంచినీళ్లు తాగడం తగ్గించేసింది. అది కనిపెట్టడానికి నాకు పది రోజులు పట్టింది.

2024 ఫిబ్రవరిలో మళ్లీ కేపీహెచ్‌బీ వచ్చేశాం. పాత ఇంట్లో బాత్‌రూం తలుపు ఇంకా చిన్నది, ఫ్రేముతో కలిపి రెండుంపావు అడుగులే. కానీ అది నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. మా మేస్త్రి ఒక కుర్రాణ్ని వెంటబెట్టుకుని వచ్చి, పాత ఫ్రేము ఊడబీకి, గోడ కోసి, పైన కొత్త లింటెల్ వేసి, మూడుంపావు అడుగుల ఫ్రేము నిలబెట్టాడు. లింటెల్ ఆరడానికి పట్టిన రోజులు తీసేస్తే ఒకటిన్నర రోజు పని. 14 వేలు అయింది. గుమ్మం కూడా తీసేసి నేల సమం చేశాడు. ఇప్పుడామె కుర్చీలో తనే వెళ్తుంది, తలుపు తనే వేసుకుంటుంది.

పాత ఇల్లు గొప్పదనీ టవరు చెడ్డదనీ చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ పాత ఇంటి తప్పులు నాకంటే ఎక్కువ ఎవరికీ తెలియవు. అవి కూడా చెప్తాను.

కేపీహెచ్‌బీ కాలనీ ఇప్పుడు చూసినవాళ్లకు మొదట్లో ఎలా ఉండేదో ఊహకందదు. హౌసింగ్ బోర్డు వాళ్లు తక్కువ ఆదాయం వాళ్లకని కట్టిన ఎల్‌ఐజీ ఇల్లు నాకు 1987లో వచ్చింది. ఒక గది, వంటిల్లు, వెనకాల బాత్‌రూం, ముందు ఖాళీ జాగా. మొత్తం స్థలం 80 గజాలు. 1993లో పిల్లలు పెద్దవుతున్నారని ముందు జాగాలో ఒక గది వేశాను. 1999లో పైన ఇంకో అంతస్తు. కింద ఉన్నది రాతి పునాది, దాని మీద బరువు పెంచడం నాకిష్టం లేక, మా ఆఫీసు ఇంజనీరుతో లెక్క వేయించి, పాత గోడల పక్కనుంచి ఎనిమిది పిల్లర్లు లేపాను. వీధిలో అందరూ నవ్వారు. వాళ్లు గోడల మీదే స్లాబు వేసేసుకున్నారు. 2006లో రెండో అంతస్తు. ఈ రోజు ఆ 80 గజాల్లో నాలుగు పొయ్యిలు, పదిహేడు మంది. కింద మేం, పైన రెండు పోర్షన్లలో రెండు కుటుంబాలు, డాబా మీద గదిలో సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కి వచ్చిన కడప కుర్రాళ్లు.

నగరంలో జనం పెరిగితే ఏం చేయాలని పెద్ద పెద్ద సమావేశాలు పెడతారు. మా వీధిలో ఒక్క ఇల్లు కూడా మొత్తం కూలగొట్టకుండా నాలుగింతల మంది ఇమిడారు. పిల్లలు చిన్నప్పుడు ఒక రకం, వాళ్ల పెళ్లయ్యాక ఒక రకం, అద్దె మీద బతకాల్సిన వయసులో ఇంకో రకం, ఇల్లు మనిషితో పాటు మారుతూ వచ్చింది. మన ఊళ్లలో డాబాల మీద పిల్లరు చువ్వలు వదిలేసి, తుప్పు పట్టకుండా వాటికి పాత సీసాలు తొడిగి ఉంచుతారు చూశారా? చూడ్డానికి వికారంగా ఉందని మా మనవరాలు అంటుంది. నాకు మాత్రం అవి చూస్తే ఆ ఇంట్లో ఆడపిల్ల పెళ్లికో, అబ్బాయి ఉద్యోగానికో ఎదురుచూస్తున్నట్టు కనపడుతుంది.

ఇక తప్పులు. మా ఇంటి పక్కన నాలుగడుగుల సందు ఉండేది. 1999లో మెట్లు అందులోనే వేశాను. పక్కాయన కూడా తన సందులో మెట్లు వేశాడు. అంతే, రెండిళ్ల వంటిళ్లకూ గాలీ వెలుగూ పోయాయి. పగలు పదకొండు గంటలకు కూడా మా వంటింట్లో లైటు వేసుకోవాలి. మొదటి అంతస్తులో మధ్య గదికి కిటికీయే లేదు, దానికీ అద్దె తీసుకుంటున్నాను, సిగ్గుపడుతూనే. పైగా ప్లాన్ లేకుండా కట్టినవన్నీ తర్వాత డబ్బు కట్టి రెగ్యులరైజ్ చేయించుకోవాలని కాగితాలు పట్టుకుని తిరగడం. 2007లో బీపీఎస్ అన్నారు, 2015లో బీఆర్‌ఎస్ అన్నారు (పార్టీ కాదు, పథకం). ఇల్లు మారుతుందని ముందే ఒప్పుకుని దానికో దారి చూపించి ఉంటే మేం దొంగల్లా రాత్రిపూట స్లాబు వేసుకునేవాళ్లం కాదు, ఆ సందులూ మూసేవాళ్లం కాదు.

అలా ముందే ఒప్పుకుని కట్టిన చోట్లు లేకపోలేదు. ఇండోర్‌లో అరణ్య అనే కాలనీ ఉంది. 1980లలో ఆర్కిటెక్టు బాలకృష్ణ దోషీ గారు గీసిచ్చారు. దాదాపు 6,500 స్థలాలు. బీదవాళ్లకు ఇచ్చిన స్థలం సుమారు 35 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో 42 గజాలు. అందులో అరుగు లేపి, నీళ్లూ మరుగుదొడ్డీ అమర్చి ఇచ్చారు. గదులు ఎవరికి డబ్బు చేతికొచ్చినప్పుడు వాళ్లు కట్టుకోవాలి. ఎలా కట్టుకోవచ్చో చూపించడానికి 80 నమూనా ఇళ్లు మాత్రం కట్టారు. మెట్లు ఎక్కడికి రావాలి, బాల్కనీ ఎంత బయటికి రావచ్చు, గాలికి వదలాల్సిన జాగా ఏది, ముందే గీత గీసి ఉంది. దానికి 1995లో ఆర్కిటెక్చర్‌కిచ్చే ఆగాఖాన్ పురస్కారం వచ్చింది. ఆ డ్రాయింగులు మా ఆఫీసులో ఒకాయన తెచ్చి చూపించినప్పుడు నేను అప్పటికే ముందు గది కట్టేసుకుని ఉన్నాను. కానీ సందు ఇంకా మూయలేదు. చూసి కూడా మూశాను. అది ఇండోర్, మనకెందుకులే అనుకున్నాను కాబోలు.

మా మనవరాలు మాసబ్ ట్యాంక్ దగ్గర ఆర్కిటెక్చర్ చదువుతోంది. దానికి నా తలుపు కథ చెప్తే, "తాతయ్యా, దీనికి 1961లోనే జవాబు చెప్పారు" అంది. నెదర్లాండ్స్‌లో జాన్ హబ్రాకెన్ అనే ఆర్కిటెక్టు అప్పుడే అన్నాడట: స్తంభాలు, స్లాబులు, మెట్లు, పెద్ద పైపులు అందరివి, వందేళ్లు ఉండేట్టు కట్టండి, లోపలి గోడలు ఎవరింటివి వాళ్ల ఇష్టానికి వదిలేయండి అని. జపాన్‌లోని ఒసాకాలో 1993లో అలాగే 18 ఇళ్ల భవనం కట్టి, తర్వాత తర్వాత లోపల ఇళ్లను మార్చి చూశారట. లోపలి గోడలే కాదు, కొన్ని చోట్ల బయటి గోడలు కూడా జరిపారట, భవనాన్ని పడగొట్టకుండానే.

వింటుంటే నాకు మా ఊరి ఇల్లు గుర్తొచ్చింది. మాది భీమవరం దగ్గర పల్లె. తాతల నాటి మండువా ఇల్లు. అందులో బెడ్‌రూం అనే మాటే లేదు. పడమటిల్లు, దక్షిణపు గది, ఉత్తరపు వసారా, ఇలా దిక్కుల పేర్లు. పంటొస్తే పడమటింట్లో ధాన్యం బస్తాలు. పెళ్లయితే అదే విడిది. మా మేనత్తల పురుళ్లు అందులోనే. తాతకు కాళ్లు పడిపోయాక ఆయన మంచం అందులోనే. నాన్నా పెదనాన్నా వేరుపడ్డప్పుడు వసారాలో తడిక కట్టి, ఇంకో పొయ్యి పెట్టారు. ఇల్లు ఒకటే, కాపురాలు రెండు. గదికి దిక్కు పేరుంటే అందులో ఏ పనైనా చేసుకోవచ్చు. నేను మాత్రం జీవితమంతా ట్రేసింగ్ పేపర్ మీద "మాస్టర్ బెడ్", "చిల్డ్రన్ బెడ్" అని స్టెన్సిల్ పెట్టి రాస్తూ కూర్చున్నాను. ఆ చిల్డ్రన్ బెడ్‌రూములు ఎన్నో ఇప్పుడు ఖాళీ. పిల్లలు డాలస్‌లోనూ మెల్‌బోర్న్‌లోనూ ఉన్నారు. మా అబ్బాయి టవర్లో మూడు గదుల ఫ్లాట్లలో ముసలి దంపతులు ఇద్దరే ఉన్న ఇళ్లు మా అంతస్తులోనే రెండు. ఒక గదికి వరండాలోకి ఇంకో తలుపు పెట్టుకునే వీలుంటే ఉద్యోగం చేసుకునే ఏ అమ్మాయికో పోర్షన్‌గా ఇచ్చేవాళ్లు. తోడు కూడా ఉండేది. గోడ కొయ్యకూడదుగా మరి.

మైవాన్ పద్ధతిని మానేయమని నేను అనను. వారం పది రోజులకో అంతస్తు లేస్తుంది, ప్లాస్టరింగ్ పెద్దగా అక్కర్లేదు, గోడలు సన్నం కాబట్టి లోపల జాగా కాస్త కలిసొస్తుంది. ఆంధ్రలో పట్టణాల్లోని బీదవాళ్లకు ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్లు కూడా ఇలా గోడలన్నీ కాంక్రీటుతో పోసే షియర్ వాల్ పద్ధతిలోనే కట్టారు: 300, 365, 430 చదరపు అడుగులు. నా బాధ అక్కడే ఎక్కువ. మూడు గదులున్నవాడు ఒకటి కలిసిరాకపోతే ఇంకోదానితో సర్దుకుంటాడు. 300 అడుగుల ఇంట్లో కొడుక్కి పెళ్లయితే ఏ గోడ జరుపుతారు?

అయినా లోపలి గోడలన్నీ బరువు మోసేవి కావు. అచ్చులు ఎలాగూ ఉన్నాయి, పోసేస్తే పనైపోతుందని అన్నిటినీ కాంక్రీటుతో పోసేసే సైట్లు ఉన్నాయి. లెక్క ప్రకారం కావాల్సినవి కాంక్రీటుతో పోసి, మిగతావి తేలిక ఇటుకతోనో ప్యానెళ్లతోనో కట్టొచ్చు. బయటి గోడల్లో కూడా వీలైన చోట తేలిక ఇటుక వాడితే ఇంకో లాభం ఉంది. కాంక్రీటు వేడిని త్వరగా లోపలికి వదులుతుంది. మే నెలలో మా అబ్బాయి ఇంట్లో పడమటి గోడ మీద రాత్రి తొమ్మిదింటికి చెయ్యి పెడితే ఇంకా వెచ్చగానే ఉండేది, ఏసీ అర్ధరాత్రి దాకా ఆపేవాళ్లం కాదు. బయటి గోడల నుంచి ఎంత వేడి లోపలికి రావచ్చో కేంద్రం 2018లో ఎకో నివాస్ సంహిత అని ఒక పుస్తకం వేసి చదరపు మీటరుకు 15 వాట్లు మించకూడదని హద్దు పెట్టింది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, పెద్ద ఇళ్లకు డాబా మీద వేడి తిప్పికొట్టే పూత ఉండాలని. మంచి పనే. నేను మాత్రం మా డాబాకి ఏటా ఉగాదికి ముందు సున్నం కొట్టిస్తాను. కడప కుర్రాళ్లు ఆ రోజు ఇంట్లో ఉండరు, బకెట్లు మోయమంటానని.

పైపుల సంగతి కూడా ఒక మాట. ఇప్పటి ఫ్లాట్లలో చాలావాటికి బాత్‌రూం నేల కింద గుంత స్లాబు వేసి, పైపులు అందులో పూడ్చి, పైన టైల్స్ వేసేస్తారు. స్లాబు అరవై డెబ్బై ఏళ్లు ఉండాల్సింది. పైపు జాయింటు అన్నాళ్లు ఉంటుందా? కారినప్పుడు కింది ఇంటి సీలింగు తడుస్తుంది, పై ఇంటి నేల పగలగొట్టాలి, మధ్యలో రెండు కుటుంబాలకు మాటలుండవు. నేను చూసిన అపార్టుమెంటు తగాదాల్లో సగం ఇవే. నిలువు పైపులన్నీ వాటికోసమే వదిలిన, మనిషి పట్టే సందులో (డక్టు అంటారు) బయటికి కనపడేట్టు పెడితే ఈ పేచీయే లేదు. మేం గీసేటప్పుడు డక్టుకు రెండడుగులు వదిలితే, "అది అమ్ముకునే జాగా కాదు కదా" అని మా దగ్గరే చెరిపించేవాళ్లు. చెరిపిన రబ్బరు నా చేతిలోనే ఉండేది.

ఇప్పుడు నేను అడిగేవి చెప్తాను. తెలంగాణలో ఇళ్ల అనుమతులు ఆన్‌లైన్‌లో ఇచ్చే టీఎస్ బీపాస్ వచ్చాక 75 గజాల వరకు, 7 మీటర్ల ఎత్తు దాకా అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు దాకా సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. ఇంత సులువు చేసినవాళ్లు ఇంకొక్కటి చేయగలరు. చిన్న స్థలాల వాళ్లకు ఇవాళ కట్టేదానికే కాకుండా, పదేళ్ల తర్వాత కట్టబోయేదానికి కూడా కలిపి ఒకే ప్లాన్ పెట్టుకోనివ్వండి. పిల్లర్లు ఎన్ని అంతస్తులకు లెక్క వేశారు, మెట్లు ఎక్కడ, మూయకూడని సందు ఏది, ఇవి మొదటిరోజే ఖాయం చేసి, మిగతాది వాళ్ల వీలుకు వదిలేయండి. సందు మూస్తే మాత్రం వదలకండి, నాలాంటివాణ్ని కూడా.

పెద్ద భవనాలకైతే నేను కోరేది కాగితమే. ఇళ్లు కొనేవాళ్ల రక్షణకు తెచ్చిన రెరా చట్టం ప్రకారం బిల్డరు ప్లాన్లు ఫ్లాట్లవాళ్ల సంఘానికి అప్పజెప్పాలి. కానీ ఇల్లు కొన్నవాడి చేతికి ఏమొస్తుంది? రంగుల బ్రోషరు. మిక్సీ కొంటే కూడా లోపల ఏముందో పుస్తకం ఇస్తారు. కోటి రూపాయల ఇంటికి ఒక్క షీటు ఇవ్వలేరా? ఏ గోడ ముట్టుకోకూడదో ఎర్ర గీత, ఏది తీయొచ్చో పచ్చ గీత, పైపులూ వైర్లూ ఎటు వెళ్లాయో నీలం గీత. ఇల్లు చేతులు మారినప్పుడు రిజిస్ట్రేషన్ కాగితాలతో పాటు ఆ షీటూ మారాలి. పచ్చ గీత అసలే లేని ఇల్లని కొనేటప్పుడే తెలిస్తే, కొనాలో వద్దో వాళ్లే తేల్చుకుంటారు. ఇప్పటికే జీడిమెట్లలో, ఫతుల్లగూడలో కూల్చిన ఇళ్ల శిథిలాలు పొడి చేసే ప్లాంట్లు పెట్టుకున్నాం. మా కాలనీ చుట్టుపక్కల ముప్పై ఏళ్లు కూడా నిండని మూడంతస్తుల అపార్టుమెంట్లు టవర్ల కోసం కూల్చేస్తున్నారు. ఇటుక గోడల భవనాన్నే అంత దుమ్ము రేపి కూలుస్తున్నవాళ్లు, రేపు ముప్పై అంతస్తుల కాంక్రీటు గోడలను ఏం చేస్తారో నాకు ఊహకు రావడం లేదు.

ప్రభుత్వం సంగతి ఎలా ఉన్నా, మీ చేతిలో ఉన్నది ఒకటుంది. ఆదివారం ప్రకటనలు తీసుకునేటప్పుడు కార్పెట్ ఏరియా పక్కన ఒక చిన్న గడి పెట్టండి: బాత్‌రూం తలుపు తీశాక దొరికే వెడల్పు, అంగుళాల్లో. నింపనివాళ్ల ప్రకటనలో ఆ గడి ఖాళీగానే అచ్చు వేయండి. మా అబ్బాయి ఫ్లాట్‌ది కావాలంటే నేను చెప్పాను కదా, 25.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాఫ్ట్స్‌మన్,
కేపీహెచ్‌బీ కాలనీ, హైదరాబాద్